తొమ్మిది వంపుల ఏటి ఒడ్డున ఒక టీ దుకాణం

'టీ' అనే మాట, 'చాయ్' అనే మాట రెండూ మన ఇళ్లలో రోజూ వినబడేవే. కోస్తా జిల్లాలలో చుట్టం గుమ్మం ఎక్కగానే "టీ పెట్టమంటారా?" అని అడుగుతారు. హైదరాబాదు వైపు వెళితే "చాయ్ తాగుతారా?" అంటారు. ఈ రెండు మాటలూ చైనా నుండి వచ్చినవే. టీకి చైనా లిపిలో ఉన్నది ఒకే అక్షరం. దానిని చాలా ప్రాంతాలవారు 'చా' అని పలుకుతారు. ఫుజియన్ రాష్ట్రపు దక్షిణ తీరంలో, ష్యామెన్ రేవు వైపువారు 'తే' అని పలుకుతారు. భూమార్గాన పారశీక దేశం మీదుగా వచ్చిన 'చా' మనకు చాయ్ అయింది. డచ్చి వర్తకుల ఓడలెక్కి ఐరోపా చేరిన 'తే' ఇంగ్లీషువారి నోట టీ అయి మన ఊళ్లకు వచ్చింది.

ఆ ఆకు పండే కొండలను కళ్లారా చూడాలని మాకు ఎంతోకాలంగా ఆశ. 2019లో అది తీరింది. అప్పట్లో మా మేనల్లుడు ఫుజియన్ రాష్ట్ర రాజధాని ఫుజౌలో వైద్యవిద్య చదువుతుండేవాడు. "అత్తయ్యా, మావయ్యా, మే నెల మొదట్లో రండి. టీ కోత చూడాలంటే అదే అదను" అని ఫోను చేశాడు. చైనా భాష వాడికి బాగానే పట్టుబడింది. వాడే మాకు దారి చూపేవాడు, దుబాసీ కూడా. ఫుజౌలో వేగరైలు ఎక్కి రెండు గంటలలోపే ఊయీ కొండల దగ్గర దిగాము.

కొండలు, ఏరు

ఊయీ కొండలు ఫుజియన్ రాష్ట్రానికి వాయవ్య మూలన ఉన్నాయి. ఎర్రని రాతి కొండలు గోడల్లాగా నిలువుగా లేచి ఉంటాయి. వాటి మధ్య తొమ్మిది మలుపులు తిరుగుతూ ఒక ఏరు పారుతున్నది. దాని పేరే 'తొమ్మిది వంపుల ఏరు'. వెదురు బొంగులు కలిపి కట్టిన తెప్ప మీద ఆరుగురిని కూర్చోబెట్టి, ముందొకరు వెనుకొకరు గెడ వేస్తూ దిగువకు తీసుకువెళతారు. 12వ శతాబ్దపు తత్వవేత్త జూ షీ 1183లో ఈ ఏటి ఒడ్డునే పాఠశాల కట్టుకొని శిష్యులకు బోధించాడు. ప్రకృతికీ సంస్కృతికీ కలిపి ఈ స్థలాన్ని 1999లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించారు.

మన అస్సాంలోను, నీలగిరులలోను కనబడేటంత పెద్ద తోటలు ఈ లోయలలో లేవు. రాతిగోడల మధ్య ఇరుకు సందులలో, రాళ్లు పేర్చి నిలబెట్టిన చిన్న చిన్న మడులలో టీ పొదలు పెరుగుతాయి. కొండ చరియల నీడ వలన ఎండ కొద్దిసేపే పడుతుంది. రాతి పగుళ్లలో నుండి నీరు ఊరుతుంది. అరిగి రాలిన రాతిపొడే అక్కడి మట్టి. అందుకే ఈ టీని 'రాతి టీ' అంటారు. బాగా పేరుమోసిన లోయ ఒకటి న్యూలాన్‌కెంగ్. దాని అర్థం ఏమిటని అడిగితే మా మేనల్లుడు నవ్వుతూ "పశువుల దొడ్డి లోయ, అత్తయ్యా" అన్నాడు. అక్కడ పండే ఒక రకానికి దాల్చినచెక్క అని పేరు. దాల్చినచెక్క కలపరు, ఆకులోనే ఆ వాసన ఉంటుంది.

ఇక్కడి టీలన్నిటిలో గొప్ప పేరు 'దా హోంగ్ పావ్'ది. అంటే 'పెద్ద ఎర్ర అంగీ'. పరీక్షలకు వెళుతూ దారిలో జబ్బుపడిన ఒక విద్యార్థికి సన్యాసులు ఈ టీ ఇచ్చి బాగుచేశారనీ, అతడు పరీక్షలో మొదటివాడై తిరిగి వచ్చి తన ఎర్ర అంగీని ఆ పొద మీద కప్పాడనీ కథ చెబుతారు. కొండ గోడకు సగం ఎత్తున, చిన్న అరుగు మీద ఆ పాత పొదలు ఆరు నేటికీ ఉన్నాయి. 2002లో వాటి ఆకు 20 గ్రాములు 1,80,000 యువాన్లకు అమ్ముడుపోయింది. 2005లో చివరిసారి కోసిన ఆకులో 20 గ్రాములు బీజింగులోని జాతీయ మ్యూజియంలో భద్రపరచారు. 2006 నుండి ఆ పొదలను ఎవరూ కోయడం లేదు. ఇప్పుడు ఆ పేరుతో బజారులో దొరికేది వాటి అంట్ల సంతతి, లేదా రెండు మూడు రకాల రాతి టీల మేళవింపు.

వేడినీళ్ల దగ్గర పరిచయం

ఏటి ఒడ్డున ఉన్న వీధిలో గడప గడపకూ టీ దుకాణమే. ఒక గుమ్మం ముందు వెదురు తట్టలు ఆరబెడుతున్న పెద్దావిడ మమ్మల్ని చూచి లోపలికి రమ్మని చెయ్యి ఊపారు. ముందు గదే దుకాణం, వెనుక ఇల్లు. ఆమె భర్తకు డెబ్బై ఏళ్లు దాటాయి. "కొంటారా?" అని ఆయన అడుగలేదు. కుర్చీ చూపించి నీళ్లు కాచడం మొదలుపెట్టారు.

ఎనిమిది గ్రాముల ఆకును మూతగల చిన్న గిన్నెలో వేశారు. ఆ గిన్నె మన కాఫీ గ్లాసంత కూడా ఉండదు. తెర్లే నీళ్లు పోసి, పది లెక్కపెట్టేలోగా ఆ నీటిని వంచి, గుక్కెడు పట్టే కప్పులలో పంచారు. పాలు లేవు, చక్కెర లేదు. మొదట కాల్చిన వాసన, తరువాత కొంచెం వగరు, మింగిన తరువాత గొంతులో తీపి. అదే ఆకు మీద ఏడెనిమిది మార్లు నీళ్లు పోశారు. ఒక్కొక్క వాయికి ఒక్కొక్క రుచి వచ్చింది. కప్పు నింపినప్పుడల్లా అక్కడివారు రెండు వేళ్లతో బల్ల మీద మెల్లగా తట్టి కృతజ్ఞత తెలుపుతారట. మేమూ అలాగే తట్టాము. పెద్దావిడ చాలా సంతోషించారు.

తమ తండ్రి తాతలు ఇతరుల టీ మూటలు మోసినవారని ఆయన చెప్పారు. చిన్నప్పుడు ఏరివేసిన కాడలు కాచుకొని తాగి ఆ రుచి మరిగారట. 1980లలో భూమి సాగును తిరిగి కుటుంబాలకు అప్పగించినప్పుడు వీరికి లోయలో కొద్దిపాటి మడులు, బయట వాలు మీద కొంత నేల వచ్చాయి. అప్పుడే ఈ దుకాణం పెట్టారు. ఉత్తరాలు తెచ్చేవాడికీ, తెప్ప నడిపేవాడికీ, మాలాంటి దారినపోయేవారికీ ఒకే విధంగా కాచి పోస్తారు. "ఒంటరిగా తాగితే దాహం తీరుతుంది, అంతే. ఇంకొకరికి పోస్తే గాని దీని రుచి నాకు తెలియదు" అన్నారాయన.

ఒక రాత్రి పని

ఆ సాయంత్రం ఆకు వచ్చింది. కావిళ్లతో మోసి తెచ్చారు. ముందు రెండు రోజులు వాన పడటంతో కోత ఆగిపోయిందట. వానలో కోసిన ఆకుకు వాసన రాదు. పొద మీదనే వదిలితే ముదిరిపోతుంది. ఏడాదికి ముఖ్యమైన కోత ఇదొక్కటే కనుక రెండు రోజుల వాన కూడా ఆ ఇంటికి చిన్న విషయం కాదు.

ఆకును ఎండలో కొంచెం వడిలించి, లోపల వెదురు చాటలలో పరచి, గంటకో గంటన్నరకో ఒకసారి కదిలిస్తారు. ఆకుల అంచులు ఒకదానికొకటి రాసుకొని నలుగుతాయి. నలిగినచోట గాలి తగిలి ఎర్రబడుతుంది. నడిమి భాగం పచ్చగానే ఉంటుంది. తెల్లవారుజాము వరకు ఇదే పని. పెద్దాయన గడియారం చూడలేదు. ఒంగి వాసన చూచి "ఇంకా పచ్చి" అనేవారు. చివరకు ఏదో పూల వాసన గది నిండా కమ్ముకున్నది. అప్పుడు పెనంలో వేడిచేసి ఆ మార్పును ఆపి, నలిపి, ఆరబెట్టారు. ఆ తరువాత కాడలు ఏరి, బూడిద కప్పిన బొగ్గుల సెగ మీద గంటల తరబడి కాస్తారు; కొన్ని వారాలు ఆగి మళ్లీ కాస్తారు. మేలో కోసిన ఆకు అమ్మకానికి సిద్ధమయ్యేసరికి నెలలు గడుస్తాయి. అంతవరకు ఇంట్లోకి డబ్బు రాదు.

మూడు జాడీలు

ఆ రాత్రి ఖాళీ దొరికినప్పుడు తండ్రీ కొడుకుల మధ్య ఒక మాట నడిచింది. మా మేనల్లుడు తరువాత దానిని మాకు వివరించాడు. పట్నం వర్తకుడొకడు వీరి సరుకంతా కొంటానన్నాడు. ఒక్క షరతు: బయటి వాలు మీద పండిన ఆకుకు కూడా పశువుల దొడ్డి లోయ పేరు వేయాలి. ధర ఎన్నో రెట్లు వస్తుంది. కొడుకు పిల్లను పై చదువుకు పంపవలసి ఉన్నది. దుకాణానికి చేసిన అప్పు తీర్చవలసి ఉన్నది. "ఈ వీధిలో ఎంతమంది అలా చేయడం లేదు, నాన్నా?" అని అడిగాడట. తండ్రి "తాగేవాడికి తెలియకపోవచ్చు. పోసే నాకు తెలుస్తుంది కదా" అన్నారట. కొంతసేపు ఇద్దరూ మాటాడలేదు. కోడలు మాత్రం చాటలు కదిలిస్తూనే ఉన్నది.

మర్నాడు మేము సెలవు తీసుకోబోతే కొడుకు బల్ల మీద మూడు జాడీలు పెట్టాడు. లోయలోపలి ఆకు ఒకటి, లోయ అంచు ఆకు ఒకటి, బయటి నేల ఆకు ఒకటి. మూడింటినీ ఒకే కొలతతో, ఒకే నీటితో పక్కపక్కన కాచి పోశాడు. తేడా మాకే తెలిసిపోయింది. మొదటిదాని ధర మూడవదానికి ఆరు రెట్లు. మేము మూడవదే కొన్నాము. మా సంచికి అదే సరిపోయింది. అతడేమీ చిన్నబుచ్చుకోలేదు. "ఇకమీద ఇలాగే అమ్ముతాను. మెల్లగానైనా మళ్లీ వస్తారు" అని మా మేనల్లుడితో అన్నాడట. ఆ ఏడు వర్తకుడు సరుకు తీసుకోలేదనీ, సగం జాడీలు శీతాకాలం వరకు నిండుగానే ఉన్నాయనీ తరువాత వాడి ద్వారా విన్నాము. మరుసటి సంవత్సరం మూడవ జాడీ కోసం ఉత్తరం రాసినవారిలో మేమూ ఉన్నాము.

మన కప్పుకు బంధుత్వం

ఈ కొండలకూ మన దేశానికీ పాత సంబంధమే ఉన్నది. రాబర్ట్ ఫార్చ్యూన్ అనే స్కాట్లండు వృక్షశాస్త్రవేత్త ఈస్టిండియా కంపెనీ పంపగా చైనా వేషం వేసుకొని 1849లో ఊయీ కొండలు ఎక్కాడు. 1851 నాటికి మొక్కలనూ, విత్తనాలనూ, పని తెలిసిన చైనావారినీ మన హిమాలయ ప్రాంతానికి చేర్చాడు. అస్సాంలో మరొక జాతి టీ చెట్టు సహజంగానే ఉన్నది. మన ఇళ్లలో పాలతో మరిగించే పొడి ఎక్కువగా ఆ జాతిదే. యంత్రాల మధ్య నలిపి రవ్వలాగా చేస్తారు. అది పాలకు, చక్కెరకు, అల్లానికి తగినది. దానిని తక్కువ చేయనక్కరలేదు.

అయితే ఎవరైనా మీకు చైనా రాతి టీ తెచ్చిస్తే దానిని పాలలో వేసి మరిగించకండి. ప్రత్యేకమైన గిన్నెలు లేకపోయినా ఫరవాలేదు. ఒక గ్లాసులో రెండు చెంచాల ఆకు వేసి, తెర్లే నీళ్లు సగం వరకు పోసి, పది పదిహేను లెక్కపెట్టి మరో గ్లాసులోకి వడకట్టండి. ఆకు పారవేయకుండా మళ్లీ మళ్లీ నీళ్లు పోయండి. ప్రతిసారీ కొంచెం ఎక్కువసేపు ఉంచండి. ఇంటిల్లిపాదికీ ఆ చారెడు ఆకే సరిపోతుంది.

మన గ్రామాలలోనూ ఆవకాయ, నెయ్యి, మామిడి తాండ్ర, తేనె ఇంటి దగ్గర చేసి అమ్ముకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారికి ఆ మూడు జాడీల సంగతి చెప్పాలనిపించింది. మీరు ఇష్టపడి చేసినదానిని ముందు రుచి చూపండి. ఏది ఎక్కడిదో, ఎందుకు ఆ ధరో దాచకుండా చెప్పండి. తక్కువ ధరది కొన్నవారిని కూడా ఎక్కువ ధరది కొన్నవారిలాగానే కూర్చోబెట్టండి. డబ్బు ఆలస్యంగా రావచ్చు. తిరిగి వచ్చే మనుషులు మాత్రం అలాగే వస్తారు.