లాంగ్ బార్‌లో ఒక రాత్రి

వీధిలో చిత్తుకాగితము పారవేసినవానికి జరిమానా విధించు సింగపూరు నగరమునందే, మిక్కిలి ఖరీదైన యొక హోటలులో, అతిథులు వేరుసెనగ తొక్కలను యథేచ్ఛగా నేలపై పారవేయుట మర్యాదగా చెల్లుచున్న మధుశాల యొకటి కలదు. అది రాఫిల్స్ హోటలులోని లాంగ్ బార్. ఆ నగరమున ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు ఒకనాటి రాత్రి నన్ను వెంటబెట్టుకొనిపోయి, మేడమెట్లెక్కించి, బల్లయొద్ద కూర్చుండబెట్టి, చిన్న గోనెసంచి నిండ నున్న కాయలను నా ముందునకు జరిపెను. ఒలిచిన తొక్కలు వేయుటకు నేను పళ్లెముకొరకు చూచుచుండగా, "కింద పడెయ్యండి మామయ్యా, ఇక్కడ అదే పద్ధతి" అనెను. వడ్డించువారు నడచినప్పుడెల్ల వారి పాదములక్రింద తొక్కలు పటపట విరుగుచుండెను.

నల్లని కలప పనితనము, పేము కుర్చీలు, కప్పునుండి వ్రేలాడుచు ఒకే లయతో అటునిటు ఊగు తాళపత్రాకారపు వీవనలు: 1920ల నాటి మలయా తోటల జీవితమును స్ఫురింపజేయుటకే ఈ శాలను ఇట్లు తీర్చిదిద్దిరి. సార్కీస్ అను ఆర్మేనియను సోదరులు 1887లో 10 గదుల బంగళాలో ఆరంభించిన ఈ హోటలు, నూరేండ్లు నిండిన 1987లో జాతీయ స్మారకముగా ప్రకటింపబడి, జీర్ణోద్ధరణానంతరము 2019లో మరల తెరువబడెను.

నన్ను అచ్చటికి రప్పించినది ఈ హోటలులో పానీయములు కలుపుచుండిన న్గియామ్ టోంగ్ బూన్ అనువాని చేతిపని. అతడు హైనాన్ ద్వీపపు వంశీయుడు. ఆ ద్వీపవాసులు సింగపూరు చేరునాటికే వర్తకమంతయు ముందు వచ్చిన ఇతర చీనా వర్గముల హస్తగతమై యుండుటచేత, వారిలో పెక్కుమంది దొరల యిండ్లలోను, హోటళ్లలోను వంటవారుగను, పరిచారకులుగను స్థిరపడిరి. కులస్త్రీలు పదుగురిలో మద్యము సేవించుట తగదని యెంచు ఆ కాలమున, చూచువారికి పండ్లరసమనియే తోచునట్లు, 1915 ప్రాంతమున అతడు సింగపూర్ స్లింగ్ అను గులాబివన్నె పానీయమును కల్పించెనని హోటలువారి కథనము. ఇప్పటి పాకమే నాటి పాకమా యనుటలో భేదాభిప్రాయములు కలవు. జిన్, చెర్రీ లిక్కరు, అనాసరసము, నిమ్మరసము, దానిమ్మ పానకము, మూలికల సారమైన బెనెడిక్టిన్, నారింజ పరిమళముగల క్వాంట్రో, కొన్ని చుక్కల చేదు ద్రావకము చేర్చి చిలుకగా, అనాసరసము మూలమున పితికిన పాలపై వలె దట్టమైన నురుగు లేచును. నాకు తీపి హెచ్చుగా తోచినను, మొదట ఫలరసమై, పిదప మూలికల వగరై, జిన్ తన ఉనికిని కడపట మాత్రమే తెలుపు ఆ కూర్పులోని నేర్పునకు నేను హృదయపూర్వకముగా నమస్కరించితిని. ఒక సేవకుని ప్రతిభ అతని పేరుతోనే శతాబ్దము దాటి నిలుచుట ఎంతయు అరుదు.

ఆ వీవనలక్రింద నేను కూర్చున్నంతసేపు నా మనస్సు మలయా రబ్బరు తోటలవైపునకే పోవుచుండెను. ఆ చెట్లకు గాట్లు పెట్టి పాలు సేకరించినవారు ప్రధానముగా తమిళులు. వారి వెనుక విశాఖపట్టణ, గోదావరి ప్రాంతములనుండి కూలీలను కుదుర్చు కంగాణీల మాట నమ్మి ఓడలెక్కిన మనవారును కలరు. కూలీల వలసను భారత ప్రభుత్వము 1938లో నిషేధించునంతవరకు ఆ ప్రయాణములు సాగినవి. దొరలకు క్లబ్బులుండగా, కూలీలకు తోటలలోనే కల్లుదుకాణములుండెను. పగలంతయు శ్రమించి సంపాదించిన కూలిలో కొంత సాయంకాలమునకు అచ్చటనే వ్యయమగుచుండెడిది. తోటల జీవితమును ఇంత శ్రద్ధతో పునర్నిర్మించిన ఈ శాలలో ఆ కల్లుదుకాణపు పటమొక్కటియైన నుండవలెనని నేను గాఢముగా కోరుకొనుచున్నాను. న్గియామ్‌కు దక్కిన స్మరణలో కొంత ఆ కూలీలకును న్యాయముగా చెందవలసినదే.

ఈ మాట మేనల్లునితో అనగా, అతడు కొంతసేపు ఆలోచించి, మలేషియాలోని పెరాక్ రాష్ట్రపు బాగన్ దాతోక్ ప్రాంతమున ఆ వలసకుటుంబముల సంతతివారు నేటికిని తెలుగు మాటలాడుచున్నారనియు, తన సహోద్యోగి అత్తవారిది ఆ యూరేననియు చెప్పి, "సెలవు దొరికితే పోదామా మామయ్యా?" అని యడిగెను. రెండవ పానీయమును వలదని, బిల్లు తెప్పించి, ప్రయాణపు దినమును అచ్చటనే నిశ్చయించుకొంటిమి.