బంతిపూల కంటిన్యూటీ

మద్దిలపాలెంలో వ్యాన్ ఎక్కేసరికి తెల్లవారుజామున మూడున్నర. ముందు సీటు కెమెరాది. దానికి రోజు అద్దె కడుతున్నాం, మాలో ఎవరికీ జీతం లేదు, కాబట్టి ఆ మర్యాద దానికే చెల్లింది. మిగతా ఎనిమిది మందిమీ ట్రైపాడ్లకూ ఇడ్లీ క్యారేజీలకూ మధ్య సర్దుకున్నాం. హనుమంతవాక దాటి జూ పక్కకొచ్చేసరికి చలిగాలి చెవుల్లోకి దూరింది. ఎండాడ, మధురవాడ, కొమ్మాది. అక్కణ్ణించి అపార్ట్‌మెంట్లు పలచబడి, బోయపాలెం దగ్గర రోడ్డుకు తోడు చీకటే మిగిలింది.

నా పని కంటిన్యూటీ. ఏ షాట్‌లో కొంగు ఏ భుజం మీదుంది, చేతికి గాజులెన్ని, గ్లాసులో టీ ఎంతవరకుంది అని నోటుబుక్కులో రాసుకోవాలి. గంట తేడాతో తీసిన రెండు ముక్కలు తెర మీద పక్కపక్కనే కూర్చుంటాయి మరి.

విశాఖకు షూటింగులు కొత్త కాదు. 1978లో బాలచందర్ ‘మరోచరిత్ర’ వచ్చాక ఈ ఊరంటే సముద్రమే అనుకున్నారు సినిమావాళ్లు. 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ వచ్చింది. వెంకటేష్ మహా ఆ పేట మనుషులనే నటులుగా పెట్టి తీశాడు. సముద్రానికి వీపు పెట్టి కూడా సినిమా తీయొచ్చని మాలాంటివాళ్లకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంతోనే అప్పులూ చేశామనుకోండి.

ఆనందపురం జంక్షన్లో దిగాం. ఒక దారి తగరపువలస మీదుగా శ్రీకాకుళం వైపు, ఇంకోటి పెందుర్తి మీదుగా అనకాపల్లికి. పూల మార్కెట్లో అప్పటికే తెల్లారిపోయింది. బైకుల వెనక మూటలు, ఆటోల మీద బుట్టలు, తడిగుడ్డల్లో కనకాంబరాలు. కార్తీకమాసం కదా, బంతీ చామంతీ నిలవడం లేదు.

ముహూర్తపు షాట్ దేవుడి పటం మీద తీయడం ఆనవాయితీ. పటం తేవడం మర్చిపోయాం. కెమెరామన్ సెల్‌ఫోన్లో సింహాద్రి అప్పన్న ఉన్నాడు. ఆయన మీదే క్లాప్ కొట్టి, కొబ్బరికాయ కొట్టాం.

అసలు సీను చిన్నదే. మా నటి ఒక ముసలమ్మ దగ్గర బంతిపూలు బేరమాడాలి. ముసలమ్మ నిజంగా పూలమ్ముకునే మనిషి. మొదటి టేకులో లారీ హారను. రెండో టేకు మధ్యలో ఎవరో వచ్చి రెండు బుట్టలు తూయించుకు పోయాడు. మూడోది అద్భుతం. మా నటి డైలాగు చెబుతుంటే ముసలమ్మ వినకుండా పూల మీద నీళ్లు చల్లుతూ కూర్చుంది. అలా చెయ్యమని మేం చెప్పలేదు. తీరా నోటుబుక్కు చూసుకుంటే వైడ్ షాట్‌లో నడుమెత్తున్న కుప్ప, ఇప్పుడు మోకాటి కిందికి దిగిపోయింది.

“అమ్మా, ఓ అరగంట అమ్మకం ఆపగలవా?” అన్నాడు డైరెక్టరు.

“నేనాపితే పువ్వాగుతాదేటి బావూ?”

కుప్ప మొత్తం మేమే కొనేద్దామన్నాను. డబ్బులు చూసే కుర్రాడు ఇడ్లీ క్యారేజీ వైపు చూశాడు. మధ్యాహ్నం భోజనాల లెక్క వేస్తున్నాడని అర్థమై ఊరుకున్నాను.

సత్యజిత్ రాయ్‌కి కూడా ఇదే తిప్పలు. 1952 అక్టోబర్ 27న ‘పథేర్ పాంచాలీ’ మొదటి షూటింగు రెల్లుపూల చేలో పెట్టాడు. ఉద్యోగం చేస్తూ సెలవు రోజుల్లో తీసుకునేవాడు. వారం తర్వాత మళ్లీ వెళ్తే పశువులు పూలన్నీ మేసేశాయి. మళ్లీ పూసేదాకా ఆగి మిగతాది తీశాడు. సినిమా 1955లో గానీ బయటికి రాలేదు. ఈ కథ చెప్పి మావాళ్లను ఓదార్చబోయాను. “ఆయన ఆగగలిగాడు, మన కెమెరా సాయంత్రానికి తిరిగిచ్చేయాలి” అన్నాడు డైరెక్టరు. దాంతో ఫ్రేము బిగించి, కుప్ప అంచు కోసేసి, ముసలమ్మ చేతులూ నటి మొహమూ మాత్రం తీశాం. చూసేవాళ్లు కుప్పను పట్టించుకోరని నా నమ్మకం. కానీ పట్టించుకోవడమే నా ఉద్యోగం.

తొమ్మిదికల్లా ఆమె గోనె దులుపుకుంది. మాకింకా ఒక షాట్ మిగిలింది.

“రేపొస్తారా?” అంది.

“వస్తాం, ఇవే పూలు కావాలమ్మా.”

“బంతి అయిపోనాది. రేపు చామంతే తెస్తాను.”

డైరెక్టరు నా వైపు తిరిగాడు. నేను నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పాను.