కొట్టడం సరే, ఆగడం ఎలా?

సరిహద్దులో ఏదైనా జరిగిందంటే చాలు, ఆఫీసుల్లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ జనం రెండు పార్టీలుగా విడిపోతారు. ఒకటి "ఇంకా చూస్తారేంటి, లేపెయ్యండి" పార్టీ. రెండోది "యుద్ధం దేనికీ పరిష్కారం కాదు" పార్టీ. మొదటివాళ్ళు రెండోవాళ్ళని పిరికివాళ్ళంటారు, రెండోవాళ్ళు మొదటివాళ్ళని మూర్ఖులంటారు. ఈ గోలలో అసలు ప్రశ్న ఎవరికీ పట్టదు. కొట్టినవాణ్ణి ఊరికే వదిలెయ్యకూడదు, అలాగని పూర్తిస్థాయి యుద్ధంలోకి జారిపోనూకూడదు. ఈ రెండూ ఒకేసారి కుదరాలంటే ఏం చెయ్యాలి?

మన భాషలో చెప్పాలంటే, రోల్‌బ్యాక్ ప్లాన్ లేకుండా ప్రొడక్షన్‌లో చెయ్యి పెడతానంటే ఏ మేనేజరూ ఒప్పుకోడు. పొరుగుదేశం మీద చెయ్యి చేసుకోవడమూ అంతే. కాకపోతే ఇక్కడ అదే సిస్టమ్‌లో ఇంకొకడు కూడా లాగిన్ అయి ఉన్నాడు, వాడి చేతిలోనూ అడ్మిన్ పాస్‌వర్డ్ ఉంది, అణ్వాయుధాలతో సహా. మనం ఎక్కడ ఆగాలనుకున్నామో వాడికి అర్థం కాకపోతే మన ప్లాన్ ఎంత బాగున్నా దండగే.

కార్గిల్ సంగతే చూడండి. 1999 మే నెలలో కార్గిల్ కొండల మీద పాకిస్తాన్ సైనికులు చొరబడి కూర్చున్నారని తేలింది. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్ళే రోడ్డు వాళ్ళ ఫిరంగుల గురిలోకి వచ్చింది. వాయుసేనని దింపడానికి మే 25న వాజ్‌పేయి ప్రభుత్వం ఒప్పుకుంది కానీ ఒక షరతు పెట్టింది. నియంత్రణ రేఖ దాటకూడదు. చేతులు కట్టేసి కుస్తీకి పంపినట్టుంది కదా? పైన కూర్చున్నవాళ్ళకి తిండీ తూటాలూ వచ్చే దారులు రేఖకి అవతల ఉన్నాయి. వాటిని కొడితే పని తేలిక. అది వద్దన్నారు కాబట్టి, పైనుంచి మెషిన్‌గన్లు కాలుస్తుంటే మన కుర్రాళ్ళు పదహారు పదిహేడు వేల అడుగుల ఎత్తున, రాత్రిళ్ళు రాళ్ళు పట్టుకుని ఎక్కాల్సొచ్చింది.

ఆ షరతు వల్ల ఏం ఒరిగిందంటే, ఎవరు ఎవరి హద్దు దాటారన్న విషయంలో ప్రపంచానికి అనుమానం లేకుండా పోయింది. జూన్‌లో జీ-8 దేశాలు చొరబాటుని తప్పుపట్టాయి. చైనా కూడా పాకిస్తాన్‌ని వెనకేసుకు రాలేదు. జూలై 4న నవాజ్ షరీఫ్ వాషింగ్టన్ వెళ్ళి, నియంత్రణ రేఖను గౌరవిస్తామంటూ క్లింటన్‌తో కలిసి ప్రకటన ఇవ్వాల్సొచ్చింది. అదే రోజు టైగర్ హిల్ మన చేతికొచ్చింది.

అందుకే కార్గిల్‌ని సంయమనానికి గొప్ప ఉదాహరణగా చెబుతుంటారు. నేనూ ఒప్పుకుంటాను. కానీ దాని బిల్లు కూడా చూడాలి. 527 మంది జవాన్లు, అధికారులు తిరిగి రాలేదు. హైదరాబాద్‌కి చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య వాళ్ళలో ఒకరు, ఆయనకి మరణానంతరం మహావీర్ చక్ర ఇచ్చారు. రేఖ దాటి ఉంటే వీళ్ళలో కొందరు బతికేవాళ్ళేమో. లేదా యుద్ధం పెరిగి ఇంకెన్ని వేలమంది పోయేవాళ్ళో. ఏది నిజమో తేల్చే టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ ఎవరి దగ్గరా లేదు. నేననేది ఒక్కటే. సంయమనం ఉచితంగా రాదు. దాన్ని మెచ్చుకునే రెండో పార్టీవాళ్ళు ఆ ఖరీదు ఎవరు కట్టారో కూడా చెప్పాలి.

ఇక రెండో ఉదాహరణ. 2001 డిసెంబర్ 13న పార్లమెంటు మీద దాడి జరిగాక ఆపరేషన్ పరాక్రమ్ పేరుతో సైన్యాన్ని సరిహద్దుకి తరలించారు. దాడి చేయాల్సిన దళాలు దేశం లోపలి నుంచి అక్కడికి చేరడానికే సుమారు మూడు వారాలు పట్టింది. ఈలోగా ముషారఫ్ జనవరి 12న టీవీలో ఉగ్రవాదాన్ని సహించనని ఉపన్యాసమిచ్చాడు. మనం అప్పగించమన్న ఇరవైమంది జాబితా అలాగే ఉండిపోయింది. మే నెలలో కలూచక్‌లో సైనిక కుటుంబాల మీద దాడి జరిగింది. మళ్ళీ యుద్ధం అన్నారు, మళ్ళీ ఆగారు. పది నెలల తర్వాత, 2002 అక్టోబర్‌లో వెనక్కి రమ్మన్నారు. యుద్ధం జరక్కుండానే మందుపాతరలు పాతుతూ, తీస్తూ ఎంతోమంది జవాన్లు ప్రాణాలో కాళ్ళో పోగొట్టుకున్నారు.

ఎందుకిలా అయింది? ఏం జరిగితే వెనక్కి వస్తామో ముందే తేల్చుకోలేదు. ఎగ్జిట్ క్రైటీరియా లేని ప్రాజెక్టు ఎలా నడుస్తుందో మనకి వేరే చెప్పాలా?

ఈ కథలో మన ఐటీ వాళ్ళ పిట్టకథ ఒకటుంది. 2002 మే 31న అమెరికా తన పౌరుల్ని భారత్ వదిలి రమ్మని సలహా ఇచ్చింది. క్లయింట్లు ప్రయాణాలు మానుకున్నారు, మన కంపెనీలు బెంబేలెత్తి ఢిల్లీకి మొరపెట్టుకున్నాయి. థామస్ ఫ్రీడ్‌మన్ ఇది చూసి, యుద్ధాన్ని ఆపింది అమెరికా దౌత్యం కంటే బెంగుళూరు కంపెనీలేనన్నట్టు న్యూయార్క్ టైమ్స్‌లో రాశాడు. తర్వాత 2005 లో ది వరల్డ్ ఈజ్ ఫ్లాట్ పుస్తకంలో, ఒకే సప్లై చెయిన్‌లో ఉన్న దేశాలు కొట్టుకోవని డెల్ పేరుతో ఒక సిద్ధాంతమే చేశాడు. మనకి వినసొంపుగానే ఉంటుంది, మన కోడ్ శాంతిదూతయిందంటే ఎవరికి చేదు? కానీ నేను నమ్మను. ఉక్రెయిన్‌లోనూ అవుట్‌సోర్సింగ్ పరిశ్రమ జోరుగానే ఉండేది, 2022 ఫిబ్రవరిలో అది రష్యా ట్యాంకుల్ని ఆపలేదు. వ్యాపారం వల్ల తొందరపాటు కాస్త తగ్గుతుందేమో, అంతకుమించి ఆశించకూడదు.

ఇప్పుడు చైనా వైపు రండి. గల్వాన్ గురించి సూర్యాపేట వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2020 జూన్ 15 రాత్రి 16 బీహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్ బాబుతో సహా 20 మంది మనవాళ్ళు చనిపోయారు, ఒక్క తూటా పేలకుండా. వాస్తవాధీన రేఖకి రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపకూడదని 1996 లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. అందుకే ఆ రాత్రి కర్రలూ రాళ్ళూ ఇనపమేకుల దుడ్డులతో కొట్టుకున్నారు. తుపాకులుంచుకుని ఎందుకు వాడలేదని అప్పట్లో టీవీల్లో ఎంత గోల జరిగిందో గుర్తుండే ఉంటుంది.

మన జవాబు రెండున్నర నెలల తర్వాత వచ్చింది. ఆగస్టు 29, 30 తేదీల్లో ప్యాంగాంగ్ సరస్సుకి దక్షిణాన, మన వైపే ఉన్న కైలాస్ శ్రేణి శిఖరాలను సైన్యం ఎక్కి కూర్చుంది. రెచిన్ లా, రెజాంగ్ లా లాంటి చోట్లనుంచి చూస్తే కిందనున్న మోల్డో దగ్గర చైనా శిబిరం అరచేతిలో ఉన్నట్టుంటుంది. ఎవర్నీ చంపలేదు, మన లెక్క ప్రకారం రేఖ కూడా దాటలేదు. కానీ బేరమాడ్డానికి మన చేతిలో ఒక వస్తువు వచ్చింది. 2021 ఫిబ్రవరిలో ప్యాంగాంగ్ రెండు ఒడ్లనుంచీ ఇరుపక్షాలూ వెనక్కి తగ్గాయి.

నా దృష్టిలో మంచి జవాబంటే ఇదే. ఇచ్చి పుచ్చుకోడానికి వీలైన జవాబు. పోయిన ప్రాణం వెనక్కి రాదు, శిఖరాన్నయితే ఖాళీ చెయ్యొచ్చు. ఇందులోనూ లోటుంది. దెప్సాంగ్ సంగతి తేలకముందే ఆ శిఖరాలు ఎందుకు వదిలేశారని విమర్శించినవాళ్ళున్నారు, అందులో న్యాయముంది. దెప్సాంగ్, దెమ్‌చోక్‌లలో గస్తీ మీద ఒప్పందం కుదిరేసరికి 2024 అక్టోబర్ అయింది.

ఇంతవరకూ చెప్పింది మనుషులు ఆలోచించి తీసుకున్న నిర్ణయాల గురించి. నన్ను ఎక్కువ భయపెట్టేది ఆలోచించకుండా జరిగిపోయేవి. 2019 ఫిబ్రవరి 27న, బాలాకోట్ మర్నాడు, పాకిస్తాన్ విమానాలు మీదకొస్తున్న వేళ శ్రీనగర్ దగ్గర బుద్గాంలో మన హెలికాప్టర్‌ని మన క్షిపణే కూల్చేసింది. అందులో ఉన్న ఆరుగురు వాయుసేన వాళ్ళు, కింద ఒక పౌరుడు చనిపోయారు. అది పెద్ద పొరపాటని ఆ అక్టోబర్‌లో వాయుసేనాధిపతే ఒప్పుకున్నారు. ఇక 2022 మార్చి 9న ఏ గొడవా లేని రోజున మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున పేలి పాకిస్తాన్‌లోని మియాఁ చన్నూ దగ్గర పడింది. అదృష్టవశాత్తూ ఎవరూ పోలేదు. పొరపాటు జరిగిందని మన ప్రభుత్వం ప్రకటించింది మార్చి 11న. ఆగస్టులో ముగ్గురు అధికారుల్ని ఉద్యోగాల్లోంచి తీసేశారు.

ఆ రోజు పాకిస్తాన్ తిరిగి కొట్టలేదు. వాళ్ళని మెచ్చుకోవడం మనకి ఇబ్బందిగా ఉండొచ్చు గానీ, నిజం నిజమే. అదే క్షిపణి 2019 ఫిబ్రవరి 27న పేలి ఉంటే పొరపాటంటే ఎవరు నమ్మేవాళ్ళు?

2025 లో జరిగింది ఈ లెక్కలోనే చూడాలి. ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపారు, తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. మే 7 తెల్లవారుజామున మనవాళ్ళు తొమ్మిది చోట్ల కొట్టి, సైనిక స్థావరాల జోలికి పోలేదని వెంటనే ప్రకటించారు. అంటే హద్దు చెప్పి మరీ కొట్టారు, అది మంచి పద్ధతే. అయినా మూడు రోజుల్లో వ్యవహారం వైమానిక స్థావరాల దాకా వెళ్ళింది. సరిహద్దు కాల్పుల్లో శ్రీ సత్యసాయి జిల్లా జవాను మురళీ నాయక్ చనిపోయాడు. చివరికి మే 10 మధ్యాహ్నం 3:35 కి పాకిస్తాన్ డీజీఎంఓ మన డీజీఎంఓకి ఫోన్ చేశాడు, సాయంత్రం 5 కి కాల్పులు ఆపాలనుకున్నారు. ఆపించిన ఘనత ఎవరిదన్న మీద తర్వాత బోలెడు రభస జరిగింది. ఎవరిదైనా కానీ, మాట ఖాయమైంది మాత్రం ఆ ఫోన్ లైన్ మీదే.

2016 లో నియంత్రణ రేఖ అవతల కొద్ది దూరం. 2019 లో బాలాకోట్ ఒక్కటి. 2025 లో తొమ్మిది చోట్లు, ఆపైన వైమానిక స్థావరాలు. ప్రతిసారీ గతసారి కంటే ఒక మెట్టు పైకి. గతసారి చేసినంతే చేస్తే జనానికి ఆనదు, అవతలివాళ్ళకీ అంతే. మెట్లు ఎక్కుతూ పోతే పైన ఏముందో రెండు పక్షాలకీ తెలుసు.

అందుకే నాకు "ఎంత గట్టిగా కొట్టారు" అన్నదాని కంటే వేరే విషయాలు ముఖ్యమనిపిస్తాయి. ఎక్కడ ఆగుతామో అవతలివాడికి తెలిసిందా? తల దించుకోకుండా వెనక్కి పోయే దారి వాడికి వదిలామా? ఫోన్ పనిచేస్తోందా? 1988 ఒప్పందం ప్రకారం 1992 నుంచి ప్రతి జనవరి 1న రెండు దేశాలూ తమ అణు కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటూ వచ్చాయి. కార్గిల్ తర్వాతా, ముంబై తర్వాతా అది ఆగలేదు. పేపర్లో ఏ మూలో రెండు లైన్లు వేస్తారు. నా మటుకు నాకు ఆ రెండు లైన్లు కనపడిన రోజు కాస్త ధైర్యంగా ఉంటుంది.