మిగిలిన అన్నం చెప్పే గుట్టు



నారాయణఖేడ్ హాస్టల్లో చదివి ఇప్పుడు హైదరాబాదులో ఏం పని చేస్తున్నావని చాలామంది అడుగుతుంటారు. కంప్యూటర్ ప్రాసెసర్ నుంచి రహస్యాలు బయటికి పొక్కుతున్నాయేమో పరీక్షించడం నా ఉద్యోగం. మన వంటాయన సంగతితో చెబితే మీకు సులువుగా అర్థమవుతుంది.

ఎంతమంది భోజనానికి వస్తారో ముందే ఊహించి ఆయన అన్నం వండేవాడు. ఊహ తప్పితే అన్నం మిగిలేది. హాజరు పట్టీ చూడకపోయినా, మిగిలిన అన్నం చూసి ఎంతమంది ఊరికి పోయారో చెప్పొచ్చు. ప్రాసెసర్ కూడా వేగం కోసం రాబోయే పనిని ఊహించి ముందే చేసిపెడుతుంది. ఊహ తప్పితే ఫలితాన్ని పారేస్తుంది. కానీ దాని జాడ క్యాష్ అనే చిన్న మెమరీలో మిగులుతుంది. క్యాష్‌లో ఉన్నది త్వరగా అందుతుంది, లేనిది ఆలస్యంగా అందుతుంది. సెకనులో కోటో వంతు పాటి ఆ తేడాను కొలిచి, చూడకూడని సమాచారాన్ని రాబట్టవచ్చు. తాళం పగలదు, సొమ్ము మాత్రం పోతుంది.

లెక్కకు పట్టే సమయాన్ని కొలిచి రహస్య సంకేతాలను కనిపెట్టవచ్చని పాల్ కోచర్ 1996లోనే చూపాడు. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలు బయటపడ్డాయి. స్పెక్టర్‌ను వెల్లడించినవారిలోనూ ఆయన ఉన్నాడు.

ఆ తర్వాత రక్షణలు వచ్చాయి. ఏ లోపానికి ఏ రక్షణ ఉందో లైనక్స్ తానే జాబితా చూపుతుంది. అది చదివి 'బాగుంది' అని సంతకం పెడితే పరీక్ష కాదు. లోపమున్న యంత్రంలో ముందు రక్షణ తీసేయాలి. మనమే ఒక మాట దాచి, మనమే దొంగలమై దాన్ని లాగాలి. అది దొరికితేనే మన పరీక్షకు కళ్లున్నట్టు. తర్వాత రక్షణ పెట్టి మళ్లీ లాగాలి. ఈసారి దొరకకపోతేనే ఆ రక్షణను కొంత నమ్మవచ్చు. దొంగను ఎన్నడూ పట్టని కాపలాదారు 'దొంగలు లేరు' అంటే ఏం విలువ?

రక్షణ పెడితే కొన్ని పనులు నెమ్మదిస్తాయి. అందుకే తీసేద్దామనేవారు ఉంటారు. ఒకే హాలులో ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకున్న మనకు ఆ ప్రమాదం వేరే చెప్పాలా? పెద్ద కంప్యూటర్లలోనూ ఎందరెందరి సమాచారమో అలాగే పక్కపక్కన ఉంటుంది. మీ స్కాలర్‌షిప్పు పడే ఖాతా వివరాలు కూడా ఏదో ఒక ప్రాసెసర్ మీదుగా పోయేవే.

తమ్ముళ్లారా! ఈ పనికి లెక్కలు, సి భాష, ప్రాసెసర్ లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలన్న పట్టుదల కావాలి. మన జిల్లాలోనే, కందిలో ఐఐటీ ఉంది. అది మనకు దూరం కాదు.

– మీ పూర్వ విద్యార్థి