తెరపైని రెండు పంక్తులు

ఇంటి కంప్యూటరున నింటర్నెట్టు నిలిచినంతనే మనవారు చేయు పని యొకటి కలదు. రౌటరు నార్పి, పది లెక్కించి, మరల వెలిగింతురు. ఇది పనికిమాలిన చేతయని మేము చెప్పము. పెక్కు పర్యాయము లది ఫలించును. రౌటరు సేవాసంస్థతో క్రొత్తగా సంధానము కుదుర్చుకొనుటచే చిక్కు తొలగును. కాని ఫలింపని దినమున దానినే పదిమారులు చేయుట, జ్వరమునకు తాయెత్తు కట్టి, తగ్గకున్న మరియొక తాయెత్తు కట్టుట వంటిది. తెరమీద వ్రాసియున్న రెండు పంక్తులను మాత్ర మెవరును చదువరు.

ఆ పంక్తు లన్నియు నొక్కటి కావు. ఏ పుటయు రాక, కంప్యూటరునకున్న సంఖ్య 169.254 అని మొదలగుచున్నచో, రౌటరు దానికి సంఖ్య నీయలేదనియు, అది తనంత తానొకటి పెట్టుకొన్నదనియు నర్థము. తీగెనో, వైఫైనో చూడవలయును. పేరు దొరకలేదని వచ్చినచో మొదట మనము కొట్టిన యక్షరములను సరిచూచుకొనవలయును. అవి సరియైనచో, పేరులను సంఖ్యలుగా మార్చు డీఎన్ఎస్ అను నేర్పాటున లోపముండవచ్చును. 1983లో పాల్ మొకాపెట్రిస్ దీనిని రూపొందించెను. ఇక 404 అని వచ్చినచో మన సంధానమున కే లోపమును లేదు. అవతలి యంత్రము మన మాట విని, ఆ పుట తనయొద్ద లేదని బదులు చెప్పినది. అట్టియెడ రౌటరు నార్పుట, చిరునామాదారు లేడని యుత్తరము తిరిగివచ్చినందుకు మన వీధితలుపు బాగుచేయించుట వంటిదే.

మా వీధిలో నొక గృహిణి కలదు. బి.ఏ. చదివినది. అయినను కంప్యూటరు చెడునేమో యను నత్తగారి భయముచే దానిని తాకదు. భర్త పొరుగూర నుద్యోగి. పదునైదేండ్ల కుమారుడు మాత్రము నిత్యము దానిపై నాటలాడును, దాన నది చెడదు కాబోలు! ఒకనాడు రెండు గంటలు కరెంటు పోయి వచ్చినది మొదలు, ఏ పుట తెరచినను సంధానము భద్రము కాదని హెచ్చరిక రాసాగెను. కూతురి పరీక్ష దరఖాస్తునకు గడువు నాటి రాత్రితో ముగియును. కంప్యూటరు పాతబడినది, క్రొత్తది కొనుడని మరమ్మతు చేయువాడు ఫోనులోనే తీర్పు చెప్పెను. కుమారుడు హెచ్చరికను త్రోసి ముందునకు పోవు మీట నొక్కబోవుచుండగా మమ్ము పిలిచిరి.

మేము వాని చేయి నాపి, "అమ్మా, దానిని బిగ్గరగా చదువుడు" అంటిమి. ఆమె చదివెను. గడియారము వెనుకబడియున్నదని యందే వ్రాసియుండెను! తెర మూలనున్న తేదీ 2011 నాటిది.

భద్రమైన ప్రతి వెబ్‌సైటును తా నెవరో తెలుపు ధ్రువపత్రమును చూపును. దానికి ఆరంభదినమును, గడువుదినమును గలవు. బ్రౌజరు వానిని కంప్యూటరు గడియారముతో పోల్చిచూచును. గడియారము 2011లో నున్నచో నేటి పత్రములన్నియు దానికి ఇంకను పుట్టని పత్రములే.

హెచ్చరికను త్రోసిపోవుటలో ముప్పేమి యందురా? గడియారము తప్పినందున వచ్చిన హెచ్చరికయు, నడుమ దొంగ నిలిచినందున వచ్చు హెచ్చరికయు చూచుట కించుమించుగ నొకే రూపున నుండును. నేడు త్రోయుట కలవాటుపడిన వ్రేలు రేపు బ్యాంకు పుట యెదుటను ఆగదు. ఆ రాత్రియే పరీక్షరుసుము చెల్లింపవలసియుండెను గదా.

తేదీని ఆమెయే సరిదిద్దెను. పుట తెరచుకొనెను, పదునొకండు గంటల వేళ దరఖాస్తు పోయెను. పరీక్షలు నెగ్గిన స్త్రీకి ఇంతకాలము ఆ పంక్తులు చదువు నధికారము లేకుండుటయే మాకు వింతగా దోచినది.

కరెంటు లేనపుడు గడియారమును నడుపు నాణెమంత బ్యాటరీ, సీఆర్ 2032 అనునది, లోపల నుడిగియున్నది. దాని వెల స్వల్పము. తీగె నూడదీసి, పెట్టె విప్పి, మార్చవలయును. ఆ పని తాను చేసెదనని కూతురనుచున్నది. నాయనమ్మ యింకను ఒప్పుకొనలేదు. అంతవరకు, కరెంటు పోయి వచ్చినపుడెల్ల తల్లియే తేదీ దిద్దుచున్నది.