మూడో సిలిండరు

డాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలుగుతుంటే నాలుగు రోజులు ఆగొచ్చు. ఆరుతూ వెలుగుతూ కొట్టుకుంటుంటే మాత్రం ఆగకూడదు. సిలిండరులో మంట అంటుకోక పెట్రోలు పచ్చిగానే సైలెన్సరు గొట్టంలోకి పోతోందని, అక్కడున్న కేటలిటిక్ కన్వర్టరును మాడ్చేస్తుందని అర్థం. ఆ కన్వర్టరు ఖరీదు వింటే పాత కారును గ్యారేజీలోనే వదిలేసి రావాలనిపిస్తుంది.

మా ప్లేనోలో ఇంకో చిక్కుంది. టెక్సస్‌లో మామూలు కార్లకు సేఫ్టీ తనిఖీని 2025 జనవరి నుంచి ఎత్తేశారు గానీ, డాలస్ చుట్టుపక్కల కౌంటీల్లో పొగ పరీక్ష అలాగే ఉంది. లైటు వెలుగుతుంటే పరీక్ష తప్పినట్టే. రిజిస్ట్రేషనూ ఆగిపోతుంది.

మా కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా స్టీరింగు వణికేది. "ఏంటండీ, ఆటోలో కూర్చున్నట్టుంది" అంది మా ఆవిడ. గ్యారేజీకి ఫోన్ చేస్తే చూసి చెప్పడానికే నూట యాభై డాలర్లన్నారు, బాగుచేయడం వేరే లెక్కట. విజయవాడ ఆటోనగర్‌లో చూడ్డానికి డబ్బులడిగిన మెకానిక్కు నాకైతే తగల్లేదు. "మిస్సింగ్ వస్తోంది సార్" అని, నడుస్తున్న ఇంజిన్ మీద ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూసేవాళ్లు. ఏది పీకినప్పుడు శబ్దం మారదో, దోషం అక్కడే.

ఇప్పటి కార్లలో పీకడానికి ఆ వైర్లే లేవు. బదులుగా, 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ డ్రైవరు మోకాళ్ల దగ్గర ఓబీడీ-2 సాకెట్టు ఉంటోంది. ఇరవై డాలర్ల కోడ్ రీడరు తెచ్చి గుచ్చితే పీ0303 అని చూపించింది. చివరి అంకె సిలిండరుది. మూడోది మండటం లేదన్నమాట. ఎందుకో అది చెప్పదు. స్పార్క్ ప్లగ్గు కావచ్చు, ఇగ్నిషన్ కాయిల్ కావచ్చు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు కావచ్చు, కర్మ కాలితే కంప్రెషనే తగ్గి ఉండొచ్చు. కోడు చూడగానే దుకాణానికి పరిగెత్తి అన్నీ కొనేసేవాళ్లున్నారు. అది రిపేరు కాదు, షాపింగు.

ఇంజిన్ చల్లారాక పైన ప్లాస్టిక్ మూత తీశాను. నాలుగు కాయిల్స్ వరసగా ఉన్నాయి, బెల్టు వైపున్నది ఒకటో సిలిండరుది. ఒక్కోదానికీ 10 మిల్లీమీటర్ల బోల్టు, ఒక కనెక్టరు. ఓపిక కావలసింది ఆ కనెక్టరు దగ్గరే. ఏళ్ల తరబడి వేడికి మగ్గిన ప్లాస్టిక్ నాలుక, లాగితే పుటుక్కున విరుగుతుంది. ముందు కాస్త లోపలికి నెట్టి, నాలుక నొక్కిపట్టి, అప్పుడు వెనక్కి తీయాలి. ఆ తర్వాత మూడో కాయిల్‌ను అటూ ఇటూ మెలితిప్పుతూ పైకి లాగితే పొడుగాటి రబ్బరు తొడుగుతో సహా వచ్చేసింది. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను వేల వోల్టులు చేసి ప్లగ్గుకు అందించేది ఇదే. ఎంత తిప్పి చూసినా పగులు లేదు, మాడిన మచ్చా లేదు. పక్కవాటికీ దానికీ తేడాయే కనిపించలేదు.

అందుకే మూడోదాన్ని ఒకటో చోట, ఒకటోదాన్ని మూడో చోట పెట్టాను. ప్లగ్గుల జోలికి పోలేదు. ఒకేసారి రెండూ మారిస్తే దొంగ ఎవరో తేలదు. కోడు చెరిపేసి, వణుకు మళ్లీ మొదలయ్యేదాకా మా వీధుల్లోనే తిప్పి రీడరు పెడితే, ఈసారి పీ0301. జబ్బు కాయిల్ వెంటే వచ్చింది.

కొత్త కాయిల్ డెబ్బై డాలర్లు. బిగించడం పది నిమిషాల పని. బోల్టు దగ్గర బలం చూపించకూడదు, మరలు పోతాయి.

కోడు చెరిపేసి నేరుగా పొగ పరీక్షకు వెళ్లి గట్టెక్కుదామనుకునే తెలివైనవాళ్లు మనలో తక్కువేం లేరు. కుదరదు. చెరిపాక కారు కంప్యూటరు తన సొంత పరీక్షలన్నీ మొదటినుంచి చేసుకోవాలి, అవి పూర్తికాకపోతే అక్కడి మిషను పట్టేసి వెనక్కి పంపుతుంది. ఆఫీసుకీ గుడికీ కొన్నాళ్లు తిప్పి, అన్నీ సిద్ధమని రీడరు చెప్పాకే వెళ్లాను. పాసయింది.

"మిగతా మూడూ కూడా మార్చేయరాదూ, వాటికీ అంతే వయసుంది కదా" అంటోంది మా ఆవిడ. పనిచేస్తున్నవాటిని పీకడం నాకిష్టం లేదు. రీడరు మాత్రం కారులోనే ఉంచాను.