పర్వత పాఠశాల

భారతీయునికి కొండ ఎక్కటం క్రొత్త సంగతి కాదు. తిరుమల మెట్లను కాలినడకన ఎక్కినవారూ, శివరాత్రికి నల్లమల అడవులు దాటి శ్రీశైలం చేరినవారూ, బదరీ కేదారాలకు నెలల తరబడి నడిచిపోయినవారూ తరతరాలుగా ఉన్నారు. కాని ఆ నడక దేవుని సన్నిధితో ముగిసేది. గుడికి పైన మెరిసే మంచు శిఖరానికి యాత్రికుడు క్రింద నుంచే నమస్కరించి మరలిపోయేవాడు. ఆ శిఖరం వైపు సాగే నడకను ఒక విద్యగా నేర్పవచ్చుననీ, దానికి గురుశిష్యులూ, పాఠక్రమమూ, నీతినియమాలూ ఉండవలెననీ స్వతంత్ర భారతదేశం ఇరవయ్యవ శతాబ్ది నడిమి సంవత్సరాలలో తలచింది. అందుకై ఏర్పడిన సంస్థలు ఏ ఉద్దేశంతో పుట్టినవో, ఏ విలువలను నమ్ముకొన్నవో విచారించటం అవసరం. యువకుల ప్రాణాలను తమ చేతిలోకి తీసుకొనే పాఠశాలలు అవి.

1953 మే 29న టెన్సింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ ఎవరెస్టు శిఖరంపై నిలిచినారు. మరుసటి సంవత్సరం, 1954 నవంబరు 4న, డార్జిలింగులో హిమాలయ పర్వతారోహణ సంస్థ వెలసింది. ప్రధానమంత్రి జవాహర్‌లాల్ నెహ్రూ, పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ దానికి అండగా నిలిచినారు. తొలినాళ్లలో సంస్థ నడిచిన రాయ్ విల్లా భవనంలోనే 1911లో సోదరి నివేదిత కన్నుమూసినారు. సైన్యానికి చెందిన మేజర్ నరేంద్రధర్ జయాల్ ప్రథమ ప్రధానాచార్యులైనారు. క్షేత్రశిక్షణకు అధిపతి టెన్సింగ్. స్విట్జర్లాండులో ఆర్నాల్డ్ గ్లట్‌హార్డ్ అనే పర్వత గురువు వద్ద బోధనాపద్ధతిని అభ్యసించి వచ్చి ఆయన ఆ బాధ్యత చేపట్టినారు.

ఈ నియామకంలోనే సంస్థ నమ్మిన మొదటి విలువ ఉన్నది. టెన్సింగ్ పని వెదుకుకొంటూ డార్జిలింగు చేరిన పేదవాడు. 1935లో ఎరిక్ షిప్టన్ దండయాత్రలో బరువులు మోసే కూలీగా ఆయన ఎవరెస్టు బాట పట్టినారు. అంతవరకు షెర్పాల పర్వతజ్ఞానానికి విలువ కట్టినది దినకూలి లెక్కలోనే. మంచు ఎక్కడ బోలుగా ఉంటుందో, గాలి ఎప్పుడు దిశ మారుతుందో తెలిసినవాడు బరువు మోసేవాడు. కీర్తి మాత్రం వెనుక నడిచిన దొరది. బడి చదువు ఎరుగని ఆ మనిషిని గురుపీఠంపై కూర్చుండబెట్టి, సైనికాధికారులనూ, కళాశాల విద్యార్థులనూ ఆయన ఎదుట శిష్యులుగా నిలిపినది ఈ సంస్థ. అక్షరం రాని చేతినుంచి అక్షరాస్యులు ముడి వేయటం నేర్చుకొన్నారు. శ్రమ చేసి సంపాదించిన జ్ఞానం గ్రంథజ్ఞానానికి తీసిపోదనే మాటను ఉపన్యాసంగా చెప్పటం తేలిక. ఉద్యోగంగా ఇచ్చి నిరూపించటం అరుదు.

ఇక్కడి ప్రాథమిక శిక్షణ 28 దినాలది. శిష్యులు డార్జిలింగులో బండలమీద అభ్యాసం చేసి, పిమ్మట పశ్చిమ సిక్కింలో పద్నాలుగు వేల అడుగులకు పైనున్న చౌరీఖాంగ్ శిబిరానికి నడిచిపోతారు. ఎవరి మూట వారే మోయవలెను. జారిపడినప్పుడు మంచుగొడ్డలిని నేలకు గ్రుచ్చి ఆగటం, గుడారం వేయటం, హిమానీనదంపై పగుళ్లను గుర్తించటం, ఒకే త్రాటికి కట్టుకొని నడవటం అక్కడి పాఠాలు. వీటిలో త్రాడు అన్నిటికంటె గొప్ప ఉపాధ్యాయుడు. త్రాటికి కట్టుబడిన తరువాత ధనికుడు, పేద అనే తేడా చెల్లదు. ఒకరు జారితే మిగిలినవారు ఆపవలెను. ఒకరు అలసితే అందరూ నిలువవలెను. తన నడక ఇతరుల ప్రాణంతో ముడిపడి ఉన్నదని నడుముకు బిగిసిన ముడి అడుగడుగునా గుర్తుచేస్తుంది.

ఆగవలసిన చోట ఆగటం రెండవ విలువ. మబ్బులేని దినాన డార్జిలింగుకు ఎదురుగా కాంచనజంగ కనబడుతుంది. సిక్కిం ప్రజలకు అది దైవం. 1955 మే 25న జార్జ్ బాండ్, జో బ్రౌన్ తొలిసారి ఆ పర్వతాన్ని ఎక్కినప్పుడు, సిక్కిం వారికి ఇచ్చిన మాట ప్రకారం కొనకు కొన్ని అడుగుల క్రిందనే ఆగిపోయినారు. 1977లో కర్నల్ నరేంద్రకుమార్ నాయకత్వాన వెళ్లిన భారత సైనిక దళం కూడ ఆ మర్యాదను పాటించింది. అందుబాటులో ఉన్నదానిని అందుకొనకుండా మరలిరావటానికి ఎక్కటంకంటె ఎక్కువ నిగ్రహం కావలెను. వాతావరణం వికటించినప్పుడు శిఖరాన్ని వదలుకోగలిగిన నాయకుని ప్రాణరక్షకుడు ఈ నిగ్రహమే.

1965లో ఉత్తరకాశిలో నెహ్రూ పర్వతారోహణ సంస్థ ఏర్పడింది. అక్కడ శిక్షణ పొందిన బచేంద్రీ పాల్ 1984 మే 23న ఎవరెస్టు ఎక్కిన తొలి భారతీయ మహిళ. ఆమె హిందీ పాఠకులకు చెప్పిన యాత్రాకథలో శిఖరంకంటె మనసుకు హత్తుకొనేది మరొక ఘట్టం. పై శిబిరానికి తాను ముందుగా చేరి, వెనుకబడిన సహచరుల కొరకు వేడి తేనీరు నింపిన సీసాతో ఆమె మళ్లీ క్రిందికి దిగింది. ఎక్కిన ఎత్తును కొంత వదలుకొని తోటివానికి ఎదురు వెళ్లటం ఆ విద్యకు సారాంశం. అదే సంస్థ 2013 జూన్ వరదల తరువాత కేదారనాథ్ పునర్నిర్మాణపు పనిలో దిగింది. శిఖరాలకై నేర్చిన నేర్పు యాత్రికుల బాట బాగుచేయటానికి వినియోగపడింది.

ఈ విద్య ఎవరికి అందుతున్నదనే ప్రశ్న కూడ ఉన్నది. 2014 మే 25న నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయస్సులో, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్‌కుమార్‌తో కలిసి ఎవరెస్టు చేరింది. ఇద్దరూ ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. పూర్ణ తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. వారి అభ్యాసం భువనగిరి ఏకశిలపై మొదలై డార్జిలింగు మంచుకొండలలో సాగింది. కూలీగా వచ్చి గురువైనవాని పాఠశాలలో కూలీల బిడ్డ చదువుకొన్నది.

అయినా ఈ పాఠానికి చెల్లించిన మూల్యాన్ని దాచిపెట్టరాదు. ప్రథమ ప్రధానాచార్యులు జయాల్ 1958లో చో ఓయు పర్వతంపై మరణించినారు. 2022 అక్టోబరు 4న, ద్రౌపది కా దాండా రెండవ శిఖరం వద్ద, ఉన్నత శిక్షణలో ఉన్న ఉత్తరకాశి సంస్థ బృందంపై మంచు విరుచుకుపడి 29 మంది బలియైనారు. మృతులలో ఇద్దరు గురువులు. వారిలో ఒకరైన సవితా కంస్వాల్ ఆ సంవత్సరమే ఎవరెస్టు ఎక్కి వచ్చిన యువతి. ఆ దినాన బిడ్డలను పోగొట్టుకొన్న తల్లిదండ్రుల ఎదుట ధైర్యాన్ని గురించిన ఏ ప్రవచనమూ నిలువదు.

అందుచేత ఈ బడులను మూసివేయవలెనా? మూసినంత మాత్రాన యువకులు కొండలకు పోవటం మానరు. నేర్పేవారు లేక పోతారు. అయితే బడి నడపటానికి అర్హత ఒక్కటే. హిమాలయంలో మంచు స్వభావం మారుతున్న ఈ కాలంలో, పాత లెక్కలను నమ్మి నడిచే గురువు శిష్యునికి అపాయం. సందేహం కలిగినప్పుడు వెనుదిరగవలెనని శిష్యునికి నేర్పే సంస్థ, ప్రతి ఋతువులోను ఆ పాఠాన్ని తానే మొదటినుంచి చదువుకోవలెను. త్రాటికి ఒక కొనన శిష్యుడున్నాడు. రెండవ కొన గురువు నడుముకే కట్టి ఉన్నది.